పోస్టుమాస్టరు గారి చొక్కా

మా పెట్టె ఎత్తుకెళ్ళిన మనిషి ఎదురుపడితే మా అమ్మ ఇప్పటికీ రెండు చేతులూ జోడిస్తుంది. ఆయన మొహమాటపడిపోయి పక్క సందులోకి తప్పుకుంటాడు. కొత్తవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. మాకు ఉండదు. ఆ వేసవిలో ఆయన ఎవరి పెట్టె వాళ్ళకి ఉంచి తన పెట్టె తను తీసుకుపోయుంటే మా ఇల్లు ఏమయ్యేదో, ఇన్నేళ్ళయినా నాకు ఆలోచించడం ఇష్టం ఉండదు.

మాది కుట్టుపని ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు మేము. నాన్న కత్తిరించి కుడతాడు, అమ్మ కాజాలు తీసి అంచులు మడుస్తుంది, గుండీలు నావి. అందుకే నా అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, అందరికీ నేను గుండీనే. నాయనమ్మ గుమ్మం పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళ అడుగుల చప్పుడు వింటూ ఉండేది. పెదనాన్న పోయిన దగ్గర్నుంచి ఆవిడ చూపు తగ్గిపోయింది. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

నాన్న ఎప్పుడు చూసినా పెళ్ళికి బయల్దేరినవాడిలా ఉండేవాడు. చొక్కా భుజం మీద కూర్చోవడం, పాంటు మడత పాదం మీద వాలడం, అన్నీ కొలిచినట్టే. "దర్జీ ఒంటిమీద చొక్కాయే దుకాణానికి బోర్డు. అది వదులుగా వేలాడితే ఇంకెవడొస్తాడు?" అనేవాడు.

ఆయన కొలతలే అచ్చం మా ఊరి పోస్టుమాస్టరు గారివి కూడా. మెడ, భుజం, ఛాతీ, నడుము, చేతి పొడవు, ఎక్కడా దారం వాసి తేడా లేదు. అందుకని పోస్టుమాస్టరు గారు ఎప్పుడూ వేసి చూసుకోవడానికి రాలేదు. చొక్కా పూర్తవగానే నాన్నే తొడుక్కుని అద్దం ముందు చేతులు ఊపి, స్టూలు మీద కూర్చుని లేచి, "ఆయనకి చంకల్లో పట్టదు" అని తేల్చేసేవాడు. నాయనమ్మ ఊరుకునేదా! "ఒరే, నిన్ను కన్న రోజున నా పక్కలోంచి ఇంకొకణ్ణి ఎవరో ఎత్తుకుపోయి పోస్టాఫీసులో పెట్టినట్టున్నారు" అనేది.

ఆ ఏడు సెలవుల ముందు పోస్టుమాస్టరు గారు ప్రయాణానికని రెండు జతలు కుట్టించుకున్నారు. నాన్న వాటిని తొడుక్కోలేదు. గుండీలు కుట్టి ఇవ్వగానే మడతపెట్టి కాగితంలో చుట్టేశాడు.

"వేసుకుని చూడవా నాన్నా?" అన్నాను.

"ఇన్నేళ్ళ నుంచి కుడుతున్నాను. చేతికి తెలీదూ?" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే భోజనాల దగ్గర, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, "ఈ సెలవుల్లో సముద్రం చూసొద్దాం" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బళ్ళు తెరిచే ముందు మా దుకాణంలో ఊపిరి సలపదు. పిల్లల యూనిఫారం గుడ్డ తానులు తానులుగా వచ్చి మంచం కింద పడి ఉంది. నేను పుట్టిన రోజున కూడా దుకాణం మూయని మనిషి ఆయన.

"వీడికేమైనా గాలి సోకిందేమో చూడవే," అంది నాయనమ్మ.

"సముద్రం గాలేనమ్మా," అన్నాడు నాన్న. అమ్మ నవ్వింది. ఆవిడ సముద్రం చూడలేదు. మాలో ఎవరమూ చూడలేదు. ఆ నవ్వు చూశాక ఎందుకు, ఏమిటి అని ఇంకెవరూ అడగలేదు.

పెట్టె సంగతి చెప్పాలి. అంతకుముందు ఏడాది నాన్నకి ఎక్కడో డేరా గుడ్డ చవగ్గా దొరికింది. ఆకుపచ్చది, మీద సన్నని తెల్ల చారలు. దాంతో వీధిలో అడిగినవాళ్ళందరికీ పెట్టెలకి తొడుగులు కుట్టిపెట్టాడు. అన్ని పెట్టెలూ ఒకే తల్లి పిల్లల్లా ఉండేవి. బయల్దేరేముందు అమ్మ ఒక ఎర్ర రిబ్బను తెచ్చి, "పిడికి కడదాం, గుర్తుంటుంది" అంది. నాన్నకి రోషం వచ్చింది.

"నా కుట్టు నేను గుర్తుపట్టలేనా?"

రిబ్బను మళ్ళీ నా జడకి చేరింది.

బస్సులో పోస్టుమాస్టరు గారి కుటుంబం కూడా ఉంది. వాళ్ళు సగం దారిలో కొండ దగ్గర దిగిపోయారు. అప్పటికే వాన మొదలైంది. ఎండాకాలంలో ఆ వాన ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. బస్సు మీద సామాను కిందికి అందించేవాడు తడుస్తూ, తిడుతూ, చేతికి తగిలింది అందిస్తున్నాడు. మేము దిగేసరికి వాన ఇంకా పెద్దదైంది. నాన్న పెట్టె అంచు మీద బొటనవేలితో తడిమి, "ఇది నా కుట్టే" అని ధీమాగా భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ దించేశాడు. బస్సు కుదుపుకి ఒళ్ళు నలిగిందన్నాడు. అమ్మా నేనూ చెరోవైపు పట్టుకున్నాం.

గది గురించి మాకు చెప్పినమాట, కిటికీ తీస్తే సముద్రం అని. కిటికీ తీస్తే మంచు ఫ్యాక్టరీ గోడ కనిపించింది.

"సముద్రం ఉందండీ, ఎక్కడికి పోతుంది? ఆ గోడ వెనకాలే," అంది గది అద్దెకిచ్చిన ఇంటావిడ.

నాన్న పెట్టె తెరిచాడు. పైన పోస్టుమాస్టరు గారి కొత్త చొక్కాలు, నాన్న పెట్టిన మడత చెరగకుండా ఉన్నాయి. వాటి కింద ఆయన భార్య బట్టలు, వాళ్ళమ్మాయి గౌన్లు, మోకాళ్ళకి రాసుకునే మందు సీసా. చొక్కాకున్న కాజాలు అమ్మవి, గుండీలు నావి, కుట్టు నాన్నది. మా ముగ్గురి చేతిపనీ ఆ పెట్టెలో ఉంది, మా బట్టలు మాత్రం లేవు.

"నీ కుట్టు బాగానే గుర్తుపట్టావురా," అంది నాయనమ్మ, విషయం చెప్పగానే.

అమ్మ మంచం మీద కూలబడి ఏడ్చింది. బట్టల కోసం కాదనుకుంటాను. ఎన్నడూ లేనిది ఒక్కసారి గడప దాటితే ఇలా అయిందని. ఇంటావిడ దగ్గర్నుంచి పోస్టాఫీసుకి ఫోను చేస్తే, మాస్టరు గారు సెలవులో ఉన్నారు, కొండమీద ఎక్కడ దిగారో తెలీదన్నారు. బస్సు డ్రైవరు మళ్ళీ వచ్చేటప్పుడు కొండ దగ్గర వాకబు చేస్తానన్నాడు. ఆ బస్సు వారానికోసారి వస్తుంది.

"ఏడిస్తే తడి బట్టలు ఆరవు," అని అమ్మ తనకి తనే చెప్పుకుని లేచింది. పోస్టుమాస్టరు గారి భార్య భారీ మనిషి. ఆవిడ బట్టల్లో అమ్మా నాయనమ్మా కలిసి దూరొచ్చు. పిన్నీసులతో బిగించుకుని సర్దుకున్నారు. వాళ్ళమ్మాయి గౌను నాకు మోకాళ్ళ పైకొచ్చింది.

"మీకేం బాధ? అదృష్టవంతులు. అచ్చం మీ కొలతే," అని అమ్మ నాన్నకి చొక్కా అందించింది.

నాన్న తీసుకోలేదు. "గిరాకీ బట్టలు దర్జీ కట్టుకుని తిరగకూడదు."

"రోజూ వేసుకునేవారుగా!"

"కుదిరిందో లేదో చూడ్డం వేరు. వేసుకుని ఊరేగడం వేరు. ఆయన రేపు నన్నేమనుకుంటాడు?"

ఎంత చెప్పినా వినలేదు. ఒంటిమీదున్న జతే రోజూ ఉతుక్కుని, అది ఆరేదాకా ఇంటావిడ ఇచ్చిన దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. బయట వాన, కిటికీలో గోడ, మూల దుప్పటి కప్పుకున్న నాన్న. ఇదీ మా విహారం. భోజనం తెస్తే సగం వదిలేసి, బస్సు ప్రయాణం పడలేదనేవాడు. అమ్మకి లోపల ఒళ్ళు మండుతున్నా పైకి అనలేదు. ఒక్కసారి మాత్రం అంది: "ఇంటి దగ్గరుంటే ఈపాటికి వంద చొక్కాలు అయ్యేవి."

"అయ్యేవి," అన్నాడు నాన్న. "చొక్కాలు ఎప్పుడూ ఉండేవే."

ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. గోడ చుట్టూ తిరిగి వెళ్ళేసరికి సముద్రం నిజంగానే అక్కడ ఉంది. నాయనమ్మ ఆ చప్పుడుకి నిలబడిపోయి, "ఇంతమంది ఎవరే?" అంది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళ అంచుదాకా నడిపించింది. అలొచ్చి పాదాలు తడిపినప్పుడు నాయనమ్మ చిన్నపిల్లలా కేక వేసింది. నాన్న మమ్మల్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు. సముద్రం కేసి కాదు, మా కేసి. అప్పుడు నాకది పట్టలేదు.

"నువ్వూ రా నాన్నా!" అని లాగాను. మోకాళ్ళ లోతుకి వచ్చాడు. అది పెద్ద అల కూడా కాదు. నా నడుం దాకా వచ్చింది, నేను నవ్వుతూ నిలబడే ఉన్నాను. పక్కకి తిరిగి చూస్తే నాన్న లేడు. నీళ్ళలో పడి ఉన్నాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. చంకలో చెయ్యి వేసి లేపాను. గట్టిగా లాగాల్సి వస్తుందనుకున్నాను. చెయ్యి వేయగానే లేచి వచ్చేశాడు. తానులు మోసే పిల్లని, నాకు బరువులు తెలుసు. ఆ తేలిక నాకు నచ్చలేదు.

గదికి వచ్చేసరికి నాన్నకి పళ్ళు టకటకలాడుతున్నాయి. దుప్పటి ఇంటావిడ ఉతకడానికి వేసింది. అమ్మ ఇంక మాటలు పెట్టుకోలేదు. పోస్టుమాస్టరు గారి చొక్కా, పాంటు ఆయన చేతుల్లో పెట్టి, "ధర్మాలు తర్వాత. ముందు పొడి బట్టలు," అని తలుపు చాటుకి తోసింది.

చాలాసేపు రాలేదు.

"ఏమండీ, గుండీలు పెట్టుకోవడం మర్చిపోయారా? మన గుండీని పంపమంటారా?" అని అమ్మ నవ్వుతూ పిలిచింది. నేను కూడా నవ్వాను.

నాన్న బయటికి వచ్చాడు. ఒక చేత్తో పాంటు నడుం దగ్గర పట్టుకుని ఉన్నాడు. చొక్కా భుజం కుట్టు మోచేతికి సగం దాకా జారింది. కాలరులో మెడ ఒక పక్కకి ఉంది. ఛాతీ ఉండాల్సిన చోట గుడ్డ లోపలికి పోయింది.

అమ్మ నవ్వు సగంలో ఉండిపోయింది.

"సరిపోయిందా?" అంది నాయనమ్మ మంచం మీంచి.

నాన్న అమ్మ కేసి చూశాడు. అంత బతిమాలుకునే చూపు ఆయన కళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

"సరిపోయింది అత్తయ్యా," అంది అమ్మ.

నాన్న విప్పిన తడి చొక్కా తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి, "గుండీ, ఇలా రా" అని పిలిచింది. చొక్కా తిరగేసి పట్టుకుని ఉంది. పక్క కుట్టు మీద గోరుతో గీసి చూపించింది. అసలు కుట్టు విప్పేసిన చోట సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. దానికి లోపలగా ఇంకో వరస, అదీ విప్పేసింది. దానికీ లోపలగా ఇంకొకటి. అప్పుడు కుట్టు. ఒళ్ళు తగ్గినప్పుడల్లా నాన్న తన చొక్కా తనే లోపలికి కుట్టుకుంటూ వచ్చాడు. మేము వంటింట్లో ఉండగా, దుకాణంలో ఒక్కడూ కూర్చుని. ఇంకో మనిషయితే బట్టలు వదులై నాలుగు రోజుల్లో బయటపడిపోయేవాడు. మా నాన్నది మంచి చెయ్యి. పక్కనే ఉండి కాజాలు తీసే మనిషికి కూడా తెలియనివ్వలేదు.

"ఎంత నీటుగా కుట్టారో చూడు," అంది అమ్మ. ఆ మాట మీదే ఏడుపు వచ్చేసింది.

అమ్మా నాన్నా మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నన్ను పొమ్మనలేదు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. తింటే నిలవడం లేదు. ఇక్కడ నొప్పి."

"చెప్పకూడదా?"

"చెబితే ఆసుపత్రి అంటావు. అన్నయ్య నడుచుకుంటూ వెళ్ళాడు అక్కడికి. ఎలా తీసుకొచ్చామో నీకు తెలుసు. అమ్మ చూపు అప్పుడే పోయింది. మళ్ళీ రెండోసారి..."

అమ్మ ఆయన పక్కకి జరిగి కూర్చుంది. తర్వాత, "అందుకా సముద్రం?" అంది.

నాన్న చొక్కా అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు చూడలేదుగా. ఒక్కసారైనా నేను దగ్గరుండి చూపిద్దామనుకున్నాను."

"మిమ్మల్ని తిట్టాలి," అంది అమ్మ. "చాలా ఉంది తిట్టడానికి. ఇప్పుడు కాదు. పొద్దున్నే బయల్దేరదాం."

బస్సు కోసం ఆగలేదు. మంచు ఫ్యాక్టరీ లారీ పట్నానికి వెళ్తుంటే ఇంటావిడ డ్రైవరుతో మాట్లాడి నాన్ననీ నాయనమ్మనీ ముందు కూర్చోబెట్టించింది. వెనక మంచు దిమ్మల మధ్య అమ్మా నేనూ, పోస్టుమాస్టరు గారి పెట్టే. ఇంటావిడ ఒక గోనె పట్టా ఇచ్చి, గది అద్దె సంగతి అమ్మ ఎత్తబోతే, "సముద్రం చూడకుండానే వెళ్తున్నారు, దేనికమ్మా అద్దె?" అంది. చూశామని చెప్పడానికి అమ్మకి నోరు రాలేదు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నాన్న పొట్ట నొక్కి చూసి, ఫొటోలు తీయించి, అమ్మని లోపలికి పిలిచింది. పొట్టలో గడ్డ ఉంది, కోసి తీసేయాలి, ఇంకా పక్కలకి పాకలేదు అని చెప్పింది. "ఎవరు గమనించారమ్మా? వానాకాలం దాటాక తెచ్చుంటే నేను చేయడానికేమీ ఉండేది కాదు," అంది.

"పెట్టె మారిందండీ," అంది అమ్మ.

ఆపరేషను జరుగుతుండగా బయట బల్ల మీద మేము ముగ్గురం కూర్చున్నాం. నాయనమ్మకి అప్పటిదాకా కడుపునొప్పి అనే చెప్పాం. ఆవిడ అమ్మ చెయ్యి వెతికి పట్టుకుంది.

"నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయే. ఆ రోజు 'సరిపోయింది' అన్నప్పుడు నీ గొంతు ఎలా ఉందో నాకు తెలీదనుకున్నావా? అడిగితే నువ్వింకో అబద్ధం ఆడాలి. అందుకే అడగలేదు."

అమ్మ ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. అత్తాకోడళ్ళు అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. లోపల్నుంచి నర్సు వచ్చి, "బాగా జరిగింది" అనేదాకా అలాగే ఉన్నారు.

నాన్నని ఇంటికి తెచ్చాక ఒకరోజు పోస్టుమాస్టరు గారు మా పెట్టె మోసుకుంటూ వచ్చారు. మనిషి బాగా తగ్గినట్టున్నారు. నాయనమ్మ అడుగుల చప్పుడు విని గుర్తుపట్టలేకపోయింది.

"తప్పయిపోయిందమ్మా. మీ సెలవులన్నీ పాడుచేశాను," అని ఆయన గుమ్మంలోనే మొదలుపెట్టి, వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. "మాదీ అంతే అనుకోండి. మన దర్జీ మాస్టరు చొక్కాలు ఎలాగూ నా కొలతేగా అని తొడుక్కుంటే గుండీ పడదు! ఊపిరి బిగబట్టినా పడదు. మా ఆవిడ చూసి, ఇంత ఒళ్ళు చేశారేమిటని ఆ పూట నుంచీ నా భోజనం సగానికి కోసేసింది. కొండ మీద పొద్దున్నా సాయంత్రం నడిపించింది. పస్తులుండటానికి అంత దూరం వెళ్ళాలా?"

అమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. చేతులు జోడించింది. ఆయన కంగారుపడి లేచి నిలబడ్డారు. అప్పుడు చెప్పింది, మొదట్నుంచీ. ఆయన విని మళ్ళీ కూర్చున్నారు. లోపల మంచం మీద పడుకున్న నాన్న దగ్గరికి వెళ్ళి, దుప్పటి సరిచేసి, "గుండీలు గట్టిగానే కుట్టింది మాస్టరూ మీ అమ్మాయి. ఒక్కటీ తెగలేదు," అన్నారు. అంతే. వెళ్ళేటప్పుడు తలుపు బదులు గోడ వైపు నడిచారు, కళ్ళు తుడుచుకుంటూ.

యూనిఫారాలు ఆ ఏడు పక్క వీధి దర్జీలకి పంచిపెట్టేశాం. వాన పడుతున్నంత కాలం నాన్న కిటికీ దగ్గర కూర్చుని గంజీ, పాలూ, పళ్ళూ చెంచాతో అమ్మ పెట్టినంతా తినేవాడు. అమ్మ తిట్లు కూడా అప్పుడే తిన్నాడు, దాచుకున్నవన్నీ, వాయిదాల మీద. ఒళ్ళు వచ్చినకొద్దీ చొక్కా పక్కల్లో బిగిసేది. అలా బిగిసినప్పుడల్లా అమ్మ లోపలి కుట్టు విప్పి, దాని బయటి వరసలో, నాన్న వదిలేసిన సూది రంధ్రాల మీదే మళ్ళీ కుట్టేది. ఆ రోజు ఇంట్లో అందరం కాస్త ఎక్కువ మాట్లాడేవాళ్ళం.

వానలు వెనకబట్టాక నాన్న మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. మొదట కుట్టింది పోస్టుమాస్టరు గారి చొక్కానే. నేను గుండీలు వేసి ఇచ్చాను. నాన్న కాగితంలో చుట్టబోతుంటే అమ్మ ఆ కాగితం లాక్కుంది.

"చేతికి తెలుసులెండి. మాకు తెలియాలిగా," అంది.

నాన్న తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. చేతులు ఊపాడు. స్టూలు మీద కూర్చుని లేచాడు. నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. గుమ్మం దగ్గర నాయనమ్మ వింటోంది.

"సరిపోయిందా?" అంది.

అమ్మ నాన్న వెనక్కి వెళ్ళి భుజాల మీద గుడ్డ సర్ది, వీపు మీద అరచేయి ఆనించి చూసింది.

"లేదత్తయ్యా. ఇంకా కొంచెం వదులే," అంది. "సరిపోతుంది."

నాయనమ్మ తలూపింది. ఆవిడకి ఆ గొంతు నచ్చింది.